ఏటి మీద కాలువ, కాలువ వెంట దారి

1852. ఎండలు ముదురుతున్నాయి. గన్నవరం దగ్గర వైనతేయ పాయ సన్నబడి ఒక పక్కకు ఒదిగింది. మిగతా ఏటి కడుపంతా ఇసుక. ఆ ఇసుకలో ఇటుకల గుట్టలు, గానుగ సున్నం రాశులు, మోకులు, చెక్క చట్రాలు, జనం. స్తంభం నీడన ఒక తాపీ మేస్త్రి చుట్ట వెలిగించాడు. సున్నం తట్ట మోసే కుర్రాడు తలెత్తి కమాను వంక చూస్తున్నాడు.

“ఏటి మీంచి కాలవ పారుద్దంటన్నారు. నిజవేనాండీ మేస్త్రిగారూ?”

“పారుద్దిరా అబ్బాయ్. నీరు పల్లానికే కదా ఎల్లేది. ఆ పల్లవేదో మనం కడతన్నాం.”

“మరి గోదారి పోటెత్తితేనో?”

“గోదారి కిందనించి పోద్ది, కాలవ పైనించి పోద్ది. దాని దారి దానిది, దీని దారి దీనిది.”

ఈ మాటలు నా ఊహ. కట్టడం మాత్రం ఊహ కాదు. ఒక్కొక్క కమాను వెడల్పు 40 అడుగులు. అలాంటివి 49. ఈ చివర నుంచి ఆ చివరకు 2,248 అడుగులు, అంటే ఏడు వందల మీటర్లకు కాస్త తక్కువ. పని నడిపించినవాడు లెఫ్టినెంట్ హేగ్. అతని వెనక ఉన్న ఆలోచన ఆర్థర్ కాటన్‌ది. తట్టలు మోసిన చేతుల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ఆ చేతులు కట్టినదాని మీదుగా నీళ్ళు దాదాపు నూట యాభై ఏళ్ళు వైనతేయాన్ని దాటి అవతలి ఒడ్డుకు వెళ్ళాయి.

అంత తాపత్రయం ఎందుకు పడ్డారో తెలియాలంటే ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు. 1839లో తుపాను వచ్చి సముద్రం కోరంగి మీద పడింది. రాజమండ్రి జిల్లాలో 1821లో 7.38 లక్షలున్న జనం 1841 నాటికి 5.61 లక్షలకు తగ్గిపోయారు. ఏటా గోదావరి ఈ జనం కళ్ళ ముందు నుంచే సముద్రంలో కలిసిపోతుండగా జరిగిన చావులివి. ఆ లెక్క చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవుతుంది. 1844లో కాటన్ ఇక్కడికి వచ్చి డెల్టా అంతా తిరిగి నివేదిక రాశాడు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలైంది. ఇసుకలో నూతులు దించి వాటి మీద కట్టడం నిలబెట్టారు. లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలపాలో తాను కావేరి మీది కల్లణై కట్టిన పాతకాలపు వాళ్ళ నుంచి నేర్చుకున్నానని కాటనే ఒప్పుకున్నాడు. కూలీలను కూడగట్టి పని ముందుకు నడిపించినవారిలో మన వీణెం వీరన్న ఒకరు. ఆయనకు రాయ్ బహదూర్ బిరుదు వచ్చింది. 1852లో ఆనకట్ట పూర్తయింది.

ఆనకట్ట కట్టగానే నీళ్ళు అన్ని ఊళ్ళకూ చేరవు. కోనసీమలో మరీ కష్టం. గౌతమికీ వసిష్ఠకూ మధ్య ఉన్న ఈ నేలను వైనతేయం మళ్ళీ చీల్చింది. దానికి అవతల ఇప్పటి రాజోలు, మామిడికుదురు, మలికిపురం, సఖినేటిపల్లి ప్రాంతం. దొరల కాగితాల్లో దాని పేరు నగరం దీవి. రెండు పక్కలా ఏళ్ళు, మూడో పక్క సముద్రం. అక్కడి రైతు ఆకాశం వంక చూసి దుక్కి దున్నుకోవాల్సిందే. ఆ దీవికి గోదావరి నీళ్ళు వెళ్ళాలంటే కాలువ ఒక ఏటిని దాటాలి. అందుకే ఈ 49 కమానులు.

హేగ్ పోరాడింది కాలంతో. జ్యేష్ఠం దాటితే ఎర్రనీళ్ళు వచ్చేస్తాయి. ఆషాఢ శ్రావణాల్లో ఏటి మధ్య ఇటుక మీద ఇటుక పెట్టడం ఎవరి తరమూ కాదు. అంటే ఏరు తగ్గిన నెలల్లోనే స్తంభాలు లేవాలి, కమానులు మూసుకోవాలి, పైన కాలువకు గోడలు నిలవాలి. కమాను కట్టేవాళ్ళకు అసలు భయం కట్టేటప్పుడు ఉండదు, చట్రం తీసేటప్పుడు ఉంటుంది. అప్పటిదాకా బరువంతా కింది చెక్క మీద ఉంటుంది. మేకులు వదులు చేసి చట్రం జారవిడిచాక ఇటుకలు ఒకదాన్నొకటి నొక్కి పట్టుకుని తమంతట తాము నిలవాలి. నిలిస్తే వందేళ్ళు. నిలవకపోతే ఆ క్షణమే. ఆ మేస్త్రీలు అంత భయాన్నీ 49 సార్లు దిగమింగుకున్నారు. ఒక కమాను కింద నుంచి చట్రం జరిపి పక్కదాని కిందకు మోసుకెళ్ళేటప్పుడు వాళ్ళు వెనక్కి తిరిగి చూసి ఉండరా? చూసే ఉంటారు.

ఈ కథను నీటిపారుదల కథగానే చెప్పుకుంటూ వచ్చాం. అది సగమే. నేను చెప్పదలచుకున్నది రెండో సగం. కాలువ తవ్విన మట్టి ఎక్కడికి పోయింది? రెండు పక్కలా గట్టయింది. ఆ గట్టును ఊరికే మట్టి పోసి వదిలెయ్యలేదు, మనిషి నడిచేలా వేశారు. కాటన్ దృష్టిలో కాలువంటే సాగునీరు మాత్రమే కాదు, రవాణా కూడా. రైళ్ళ కంటే పడవ కాలువలే ఈ దేశానికి చవకైన దారులని ఆయన బతికినన్నాళ్ళూ వాదించాడు. పడవ నడవాలంటే లాకులు కావాలి, పడవను లాగేవాడు నడవడానికి గట్టు కావాలి. అలా ధవళేశ్వరం నుంచి సముద్రం ఒడ్డు దాకా, నీళ్ళ పక్కనే, ఎత్తుపల్లాలు లేని ఒక దారి ఏర్పడింది. ఇవాళ లోకంలో ఎక్కడైనా దూరపు నడకదారి, సైకిల్ దారి వేయాలనుకునే ఇంజినీరు మొదట వెతికేది ఇలాంటిదాని కోసమే.

బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువ మొదలవుతుంది. లొల్ల లాకుల దగ్గర అది చీలి ఒకటి గన్నవరం వైపు, ఒకటి అమలాపురం వైపు, మిగతావి ఏటిగట్ల వెంట వెళ్తాయి. సినిమాల్లో ఆ లాకులను చూడని తెలుగువాడు తక్కువ. పడవల కాలంలో ఆ చోటును తలచుకోండి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లోతు లేని చోట గెడ వేసేవారు. రెండూ పనికిరాకపోతే మోకు భుజాన వేసుకుని గట్టు మీద నడిచేవారు. ముందు ఇద్దరు వంగి నడుస్తుంటే వెనక ధాన్యం బస్తాలతో, కొబ్బరికాయలతో పడవ కదిలి వచ్చేది. లాకు దగ్గర ఆగేవారు. తలుపులు మూసి, నీళ్ళు సమం అయ్యేదాకా గట్టున మూడు రాళ్ళు పెట్టి అన్నం వండుకునేవారు. ఎగువ ఊరి కబురు దిగువకూ, దిగువ ఊరి ధర ఎగువకూ అక్కడే చేతులు మారేవి. ఈ సరుకు కాలువ వెంట కాలువ పట్టుకుని కాకినాడకు, బెజవాడకు, బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు దాకా వెళ్ళేది. ఆ దూరంలో చాలా భాగాన్ని కొలిచినవి మనుషుల పాదాలే.

గట్లు రాకముందు కూడా ఈ నేల మీద దూరపు నడకదారి ఉంది. అది సప్తసాగర యాత్ర. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో స్నానం చేసి బయల్దేరిన యాత్రికుడు గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్లన్నిటా మునిగి, మాఘ శుద్ధ ఏకాదశినాటికి అంతర్వేది చేరేవాడు. పిల్లల కోసం మొక్కుకున్న దంపతులు ఎక్కువగా వెళ్ళేవారు. దారి చెప్పే పలకలు లేవు, విడిది బంగళాలు లేవు. తిథులే ఆ ప్రయాణానికి పటం. ఏ రోజు ఏ రేవు చేరాలో పంచాంగం చెప్పేది, ఎవరింట పడుకోవాలో ఊరు చెప్పేది.

దారికి తిండి పెట్టేవాళ్ళు కావాలి. వైనతేయం ఒడ్డున కమానులు లేచేనాటికి మండపేటలో పదకొండేళ్ళ పిల్ల ఒకతె ఉంది. ఆమె 1841లో పుట్టింది. తర్వాత లంకల గన్నవరం డొక్కా జోగన్న గారి ఇల్లాలై వచ్చింది. ఏరు దాటి వచ్చేవాళ్ళు, అంతర్వేది వెళ్ళేవాళ్ళు, పెళ్ళివారు, బైరాగులు, వరదల్లో ఇల్లు మునిగినవాళ్ళు, ఎవరు ఏ వేళ గుమ్మం ముందు నిలబడినా ఆమె అన్నం పెట్టింది. డొక్కా సీతమ్మ గారు 1909లో కన్నుమూసేదాకా ఆ ఇంట పొయ్యి ఆరలేదంటారు. ఆమె గురించి ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకునే సంగతి ఒకటుంది. ఊరు కదలని ఆ ఇల్లాలు ఎన్నాళ్ళకో ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరింది. దారిలో బోయీలు పల్లకి దించి సేద తీరుతున్నారు. పక్కనే ఒక పెళ్ళిబృందం. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే పెద్దవాళ్ళు ఓదారుస్తున్నారు. ఇంకాస్త దూరం నడిస్తే గన్నవరం వస్తుంది, సీతమ్మ గారి ఇంట్లో కడుపు నిండా తిందురుగాని అని. లోపల కూర్చుని ఆ మాట విన్న సీతమ్మ గారు పల్లకి వెనక్కి తిప్పించింది. వాళ్ళ కంటే ముందు ఇంటికి చేరి వంట మొదలుపెట్టింది.

2000 సంవత్సరంలో పాత కట్టడం పక్కన కొత్త అక్విడెక్టు కట్టి దానికి ఆమె పేరు పెట్టారు. ఇంజినీర్లు కట్టిన వంతెనకు అన్నదాత పేరు పెట్టడం మన ప్రభుత్వాలు చేసిన మంచి పనుల్లో ఒకటి.

అప్పటికే లారీలు, బస్సులు, వంతెనలు వచ్చాయి. పడవలు ఒడ్డెక్కాయి. అది మంచికే. రేవులో పంటు కోసం కాచుకుని పురిటి నొప్పులు పడిన తల్లుల ఊళ్ళివి. కానీ పడవతో పాటు గట్టును కూడా వదిలేశాం. కొన్నిచోట్ల తారు రోడ్డు వేసుకున్నాం. మిగతాచోట్ల తుమ్మ మొలిచింది, చెత్త కుప్ప పడింది, కాలువలో గుర్రపుడెక్క దుప్పటిలా కప్పేసింది. రోజూ తన హద్దు మేర నడిచి గట్టు చూసుకునే లస్కర్లు తగ్గిపోయారు.

ఇక్కడే అమెరికాలో జరిగిన ఒక నడక గురించి చెప్పాలి. పొటోమాక్ నది పక్కన కంబర్లాండ్ నుంచి వాషింగ్టన్ దాకా 184.5 మైళ్ళ కాలువ ఒకటి ఉంది. 1828లో తవ్వడం మొదలుపెట్టి 1850లో పూర్తి చేశారు. అంటే మన ఆనకట్టకు ఈడుదే. అక్కడ పడవల్ని కంచరగాడిదలు లాగేవి. 1924 వరదకు దెబ్బతిని మూతపడింది. ముప్పై ఏళ్ళ తర్వాత దాని వెంట కార్ల రోడ్డు వేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక సంపాదకీయం దాన్ని సమర్థించింది. అది చదివిన సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఆ పత్రికకు ఉత్తరం రాశాడు. సంపాదకుడు తనతో వచ్చి ఆ గట్టు మొత్తం నడవాలని, నడిచాక మనసు మార్చుకుంటాడని ఆయన ఉద్దేశం. 1954 మార్చి 20న యాభై ఎనిమిది మంది కలిసి బయల్దేరారు. పత్రికవాళ్ళూ వచ్చారు. ఎనిమిది రోజులు నడిచారు. ఆ దూరమంతా నడవగలిగింది తొమ్మిది మందే. పత్రిక తన మాట మార్చుకుంది. రోడ్డు ఆలోచన ఆగిపోయింది. 1971లో ఆ కాలువ జాతీయ చారిత్రక ఉద్యానం అయింది. ఇప్పుడు ఆ గట్టు మీద నడిచేవాళ్ళు, సైకిల్ తొక్కేవాళ్ళు ఏటా లక్షల్లో. ఫ్రాన్సులో 1681లో పూర్తయిన కెనాల్ దు మిది గట్టు కథ కూడా ఇలాంటిదే. 240 కిలోమీటర్ల ఆ కాలువ 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

మన దగ్గరా ప్రయత్నాలు లేకపోలేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు. ఎండ తగలకుండా పైన సోలార్ పలకల కప్పు వేశారు. కోనసీమకు ఆ కప్పు కూడా అక్కర్లేదు, కొబ్బరి చెట్లున్నాయి.

నేను కోరుకునే దారి ఇది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం దగ్గర బయల్దేరి, బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, ఆత్రేయపురం, లొల్ల దాటి గన్నవరం కాలువ పట్టుకుని, అక్విడెక్టు దగ్గర వైనతేయాన్ని దాటి, రాజోలు సీమలోంచి అంతర్వేది సముద్రం దాకా. సుమారు వంద కిలోమీటర్లు. లొల్ల నుంచి అమలాపురానికి మరో కొమ్మ. 2022 ఏప్రిల్ 4 నుంచి అమలాపురం జిల్లా కేంద్రం కూడా. సైకిల్ మీద తీరిగ్గా రెండు రోజులు, నడిస్తే వారం పట్టొచ్చు. నడిచే జనం ఎక్కడి నుంచి వస్తారని అడిగేవాళ్ళు ఒక శనివారం వాడపల్లి వైపు చూడాలి. ఏడు శనివారాల మొక్కుతో వెంకన్న దగ్గరికి కాలినడకన వచ్చేవాళ్ళు అక్కడ కనిపిస్తారు.

వేయడం ఎలా? గట్టు కాలువకు గోడ లాంటిది. దాన్ని చెక్కి సిమెంటు పోస్తే మొదటికే మోసం. గట్టి గ్రావెల్ పరిచి, వాన నీరు కాలువలోకి కాకుండా బయటికి జారేలా వాలు పెడితే చాలు. లాకుల దగ్గరున్న పాత నీటిపారుదల బంగళాలను బాగు చేస్తే విడిది దొరుకుతుంది. తాగునీరు, మరుగుదొడ్డి, దూరం చెప్పే రాయి ఉంటే మిగతాది ఊరు చూసుకుంటుంది. ట్రాక్టరు, వరికోత మిషను పొలంలోకి దిగే చోట్లను రైతులతో కూర్చుని ముందే గుర్తించాలి. ఇది పెద్ద చిక్కు అనుకోను. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు పచ్చని చేలల్లోంచి, కాలువల్లోంచి వెళ్తాయి. తన చేను తొక్కుకుంటూ ప్రభ వెళ్తే మంచిదని సంతోషించే రైతు ఇక్కడివాడు. నలుగురూ నడిచే దారికి అడ్డం నిలబడడు.

అసలు చిక్కు మరొకటుంది. ఏ సెంటు భూమీ లేక గట్టు మీద గుడిసె వేసుకున్న కుటుంబాలు కోనసీమ నిండా ఉన్నాయి. నడక కోసం వాళ్ళను లేపేస్తే అంతకంటే అన్యాయం ఉండదు. ముందు వాళ్ళకు ఊళ్ళో స్థలం, ఇల్లు చూపించాలి. ఆ దారి మీద టీకొట్టు, సైకిల్ రిపేరు, పూతరేకుల బల్ల, విడిది గది నడిపే మొదటి హక్కు వాళ్ళకే ఇవ్వాలి. ఆ షరతు లేని పథకాన్ని నేను సమర్థించను.

దీనివల్ల రైతుకేం ఒరుగుతుందని అడుగుతారు. గట్టుకు గండి ఒక్క రాత్రిలో పడదు. ఎలుక బొరియో పీత బొరియో మొదట చిన్న చెమ్మగా కనిపిస్తుంది, తర్వాత ఊట అవుతుంది, ఆ తర్వాతే తెగుతుంది. చెమ్మ దశలో చూసేవాడుంటే రెండు తట్టల మట్టితో పోయేది, చూసేవాడు లేకపోతే వందల ఎకరాలు మునుగుతాయి. రోజూ పదిమంది నడిచే గట్టుకు పదిమంది కాపలా ఉన్నట్టే. 2025 సంక్రాంతికి ఆత్రేయపురం దగ్గర కాటన్ పేరుతో పడవ పందేలు పెట్టారు. పండుగ మూడు రోజుల్లో వెళ్ళిపోయింది. గట్టుకు మిగతా రోజులు కూడా మనుషులు కావాలి.

ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు. పూడిక తీసే, గట్లు బాగుచేసే సమయం అదే. జలవనరుల శాఖ, జిల్లా యంత్రాంగం వచ్చే కట్టివేతలో లొల్ల నుంచి గన్నవరం దాకా ఒక్క ముక్కను చేసి చూపించాలి. కొత్తగా భూమి సేకరించే పని లేదు, కాలువా గట్టూ ప్రభుత్వానివే. ఈలోగా కోనసీమ పాఠకులకు నా విన్నపం ఒకటే. మీ ఊరి కాలువ గట్టు మీద ఒక పొద్దున ఒక మైలు నడవండి. ఎక్కడ ఊట ఉంది, ఎక్కడ చెత్త పోస్తున్నారు, ఎక్కడ దారి తెగిపోయింది, ఎవరి గుడిసె ఉంది, అన్నీ ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించి, ఒక నకలు కాలువల ఏఈ గారికీ మరొకటి అమలాపురం కలెక్టరేట్‌కీ ఇవ్వండి.